గోదావరి నాలుకతో తైవాన్ తీపి కొట్టుకు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు నుంచి తైవాన్ వెళ్లి, షిన్చూ నగరంలోని కంప్యూటర్ చిప్పుల కంపెనీల్లోనో విశ్వవిద్యాలయాల్లోనో కుదురుకున్న పిల్లలు మనకు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వారిని చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులను ఆ పిల్లలు తొలివారంలోనే తీసుకువెళ్లే చోటు పాతకాలపు తీపి కొట్టు. అక్కడ బల్ల మీదికి వచ్చిన గిన్నెలో మంచు తురుము, ఉడికిన గింజలు, తెల్లగా వణికే ముద్ద, వాటి చుట్టూ నీళ్లలాంటి పాకం కనిపించేసరికి, కాకినాడ గొట్టం కాజా కొరికితే పాకం గడ్డం మీదికి కారడం ఎరిగిన మనిషి ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "చప్పగా ఉందే" అని గిన్నెను పక్కకు జరపడం దాదాపు ఖాయం. మొదటిసారి నేను చేసిందీ అదే. తరువాత రెండు శీతకాలాలు, ఒక వేసవి అక్కడ గడిపి, ఊరికొక కొట్టు చొప్పున తిరిగాక తెలిసిన విషయాలను, వెళ్లబోయేవారికి పనికివస్తాయన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

ముందుగా మన నాలుకను సర్దుకోవాలి. మన తీపికి ప్రాణం పాకమూ నెయ్యీ అయితే, వారి తీపికి ప్రాణం పంటికి తగిలే తీరు. కొరికితే సాగి, మళ్లీ వెనక్కి లాగే ఆ గుణానికి వారు "క్యూక్యూ" అని ఇంగ్లీషు అక్షరం పేరునే రెండుసార్లు పలుకుతారు, ఒక ముద్ద బాగుందనడానికి అంతకు మించిన మెప్పు లేదు. మనకు ఈ పద్ధతి బొత్తిగా కొత్తదేమీ కాదు. వేసవిలో రోడ్డు పక్కన తాటిముంజెలు కొనే మనిషి తీపి కోసం కొనడు, లేతదా ముదిరిందా అని వేలితో నొక్కి చూసి కొంటాడు. తైవాన్ తీపి కొట్టులో కూర్చున్నంతసేపూ మీరు కాజా తినడానికి వచ్చిన మనిషిలా కాక, ముంజెలు కొనడానికి వచ్చిన మనిషిలా ఉంటే సగం పని అయినట్టే. దినుసులు చూసినా బియ్యం, పెసలు, వేరుశనగ, చేమదుంప, చిలగడదుంప, చెరకు తప్ప మనకు పరిచయం లేనివి రెండో మూడో ఉంటాయి. పాలూ నెయ్యీ మాత్రం ఈ గిన్నెల సంప్రదాయంలో లేవు, ఆ లోటును మనసులోనే పూడ్చుకోవాలి.

కొట్టును ఎంచుకునేటప్పుడు బోర్డును నమ్మకండి. "లావ్‌దియెన్" అంటే పాత కొట్టు, "గూజావ్‌వేయ్" అంటే పూర్వపు రుచి. ఈ రెండు మాటలూ నిన్న తెరిచిన కొట్టు గోడ మీద కూడా కనిపిస్తాయి. నేను చూసుకునే గుర్తులు వేరు. నిజమైన పాత కొట్టులో వంటకాల పట్టిక పొట్టిగా ఉంటుంది, ఒక్కోసారి ఒకే వస్తువూ, దాని మీద వేసుకునే నాలుగైదు గింజలూ మాత్రమే ఉంటాయి. ఆత్రేయపురంలో పూతరేకుల ఇంటికి వెళ్లి మైసూర్‌పాక్ అడగనట్టే, అక్కడ సోయా పాల ముద్ద అయిన దోహ్వా అమ్మే కొట్టులో కేకు అడగకూడదు. ఇంటి నుంచి గిన్నె తెచ్చుకుని పట్టించుకుపోయే ముసలివారు కనిపిస్తే అది మంచి కొట్టు. సరుకు అయిపోగానే వేళతో పని లేకుండా తలుపు దించేసే కొట్టు ఇంకా మంచిది, అందుకని సాయంత్రం చివరి వరకూ ఆగకుండా మధ్యాహ్నం తరువాత వెళ్లడం మేలు. ఇటువంటి కొట్లకు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, అది ఆదివారమే కానక్కరలేదు, దానిని "గోంగ్‌షియో" అంటారు. చాంద్రమాన కొత్త సంవత్సరపు రోజుల్లో, అంటే జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్యలో ఎప్పుడో వచ్చే ఆ పండుగ వారంలో, చాలా కొట్లు మూసే ఉంటాయి కనుక ప్రయాణపు తేదీలు చూసుకోవాలి.

షిన్చూలో ఉన్నవారు దూరం పోకుండానే మొదలుపెట్టవచ్చు. 1748లో కట్టిన నగరదేవత గుడి చుట్టూ, గుడి ముంగిటలోనే, తిండి కొట్లు కిక్కిరిసి ఉంటాయి. మన కోటిపల్లి తీర్థంలా అని అనుకోండి, కాకపోతే ఇక్కడ తీర్థం రోజూ జరుగుతుంది. అయితే ఒక్క ఊరికి మాత్రమే వెళ్లే వీలుంటే దక్షిణాన ఉన్న తైనాన్‌కు వెళ్లమంటాను. పాలకొల్లులోనూ కాకినాడ జగన్నాథపురంలోనూ వర్తకం చేసిన డచ్చి కంపెనీయే 1624లో తైనాన్ పక్కన ఆన్‌పింగ్‌లో కోట మొదలుపెట్టి, చుట్టుపక్కల చెరకు సాగును పెంచి, చక్కెరను ఎగుమతి చేసింది. తైనాన్ వంటలో కూరల్లో కూడా చక్కెర వేస్తారని మిగతా తైవానీయులు ఎగతాళి చేయడం వెనుక ఉన్నది ఈ చెరకు చరిత్రే. మన నాలుకకు కాస్త దగ్గరగా వచ్చే ఊరు అదే. హైస్పీడ్ రైలు స్టేషను ఊరికి దూరంగా ఉంటుంది, అక్కడ దిగి లోకల్ రైలు పట్టుకుని పాత ఊరిలోకి వెళ్లాలి.

కొట్టులోకి వెళ్లాక జరిగే వ్యవహారం ఇలా ఉంటుంది. కొన్నిచోట్ల ముందుగా ఖాళీ బల్ల చూసుకుని, దాని నంబరు గుర్తుపెట్టుకుని, అక్కడున్న కాగితపు చీటీలో కావలసినవాటికి టిక్కు పెట్టి, గల్లా దగ్గర చీటీ ఇచ్చి డబ్బు కట్టాలి. మరికొన్నిచోట్ల గాజు అరల ముందు వరుసలో నిలబడి, వేలితో చూపించి గిన్నెలో వేయించుకోవాలి. మీకు వినిపించే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే, ఇక్కడే తింటారా, పట్టుకెళతారా అని. ఇక్కడే అయితే "నేయ్‌యోంగ్" అనీ, పట్టుకెళ్లడానికైతే "వైదాయ్" అనీ చెప్పండి. వేడిది కావాలంటే "రు దె", చల్లనిది కావాలంటే "బింగ్ దె". యజమానిని, మగవారైతే, "లావ్‌బాన్" అని పిలవవచ్చు, మనం "ఏమండీ షావుకారుగారూ" అన్నట్టుగా ఉంటుంది. ఆయన భార్యను "లావ్‌బాన్‌న్యాంగ్" అంటారు. "షియె షియె" అంటే కృతజ్ఞతలు. ఈ ఏడు మాటలు చాలు, మిగతాది ఫోను కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు. చేతిరాత చీటీల దగ్గర మాత్రం ఫోను తడబడుతుంది, అప్పుడు పక్క బల్ల మీది గిన్నెను చూపించండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

డబ్బు నోట్లుగానే ఉంచుకోండి. పాత కొట్లలో కార్డు చెల్లకపోవడమే ఎక్కువ. ఒక గిన్నె సాధారణంగా 40 నుంచి 80 తైవాన్ డాలర్ల మధ్య ఉంటుంది, ఒక డాలరును మన రెండున్నర, మూడు రూపాయలుగా లెక్కవేసుకుంటే సరిపోతుంది. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు, ఇస్తే చిల్లర మరచిపోయారనుకుని వెనక పరిగెత్తుకువస్తారు. తిన్న గిన్నెలను చాలాచోట్ల మనమే తీసుకుపోయి మూలనున్న తొట్టెలో పెట్టాలి, పక్కవారు ఏం చేస్తున్నారో చూసి అలాగే చేయండి. ఇంకొక నియమం ఉంది, అది తెలియక నేను తలవంపులు పడ్డాను. మనింట్లో ఒక ప్లేటు తెప్పించి నలుగురం తలా చెంచా తినే అలవాటు ఉంది కదా, ఆ ప్రకారమే నలుగురం కూర్చుని రెండు గిన్నెలు చెప్పాను. యజమానురాలు వచ్చి, గోడ మీది కాగితం చూపించి, నాలుగు వేళ్లు చూపించింది. కూర్చున్న మనిషికి ఒక గిన్నె తీసుకోవాలన్నది చిన్న కొట్లలో మామూలు షరతు. బల్లలు తక్కువ, వరుస పొడవు, ఆవిడ తప్పేమీ లేదు.

ఇక గిన్నెల విషయం. మొదటి గిన్నె దోహ్వాయే కావాలి. సోయా చిక్కుడు గింజలను నానబెట్టి, రుబ్బి, వడగట్టి, కాచిన పాలను, జిప్సమ్ అనే ఖనిజపు పొడీ కొంచెం చిలగడదుంప పిండీ కలిపిన నీళ్ల మీద ఎత్తు నుంచి ఒక్క ఊపున పోసి, ఇక ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆ పోయడంలోనే పనితనమంతా ఉంది, పోసిన తరువాత కదిపితే ముక్కలై నీరు ఊరుతుంది. తోడుకున్నది జున్నుకు దగ్గరగా ఉంటుంది, ఇంకా లేతగా, మిరియమూ బెల్లమూ లేని జున్ను అనుకోండి. దాన్ని గరిటెతో గీకినట్టుగా పలచటి పొరలు పొరలుగా గిన్నెలోకి దించి, పైన పాకం పోసి ఇస్తారు. నేను మొదటిసారి పెరుగన్నం కలిపినట్టు చెంచాతో కలిపేశాను, అంతా పిండినీళ్లయింది. కలపకూడదు. అంచు నుంచి పొరను తీసి, ముందు ఉత్తదే తినాలి. మంచి కొట్టులో గింజ వాసన కమ్మగా ఉంటుంది కానీ పచ్చివాసన ఉండదు, అడుగంటిన కమరు వాసన కొన్నిచోట్ల కావాలనే లీలగా ఉంచుతారు. ఆ తరువాత పాకంతో కలిపి తినండి. పైన వేయించుకోవడానికి నేను మెత్తగా ఉడికిన వేరుశనగ గుళ్లనే సిఫారసు చేస్తాను. మనం వేయించినవీ, తంపటవేసినవీ ఎరుగుదుం కానీ, నాలుకతో నొక్కితే వెన్నలా నలిగే వేరుశనగను నేను అక్కడే చూశాను. శీతకాలంలో వేడి దోహ్వా మీద అల్లం పాకం పోస్తారు, జలుబు చేసినవారికి అది మందూ తీపీ కూడా. పాత పద్ధతిలో ఇది పూర్తిగా శాకాహారమే, అయితే కొన్ని కొత్త కొట్లు జిప్సానికి బదులు జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ వాడతాయి కనుక శాకాహారులు అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండవది ఐయూ. ఇది మాత్రం తైవాన్ కొండల్లో పెరిగే ఒక తీగ మేడి గింజల నుంచి వచ్చేది, మనకు సాటి లేనిది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయన్న సామెత మనకు ఎగతాళికి పనికివచ్చింది గానీ, ఈ తీగ విషయంలో ఆ పురుగే జీవనాధారం. ఈ మేడికే ప్రత్యేకమైన ఒక చిన్న కందిరీగ జాతి కాయలోకి దూరి పరాగం చేరవేస్తేనే గింజ పడుతుంది, గింజ పడితేనే ఐయూ. ఎండిన గింజలను గుడ్డమూటలో కట్టి, చల్లటి నీళ్లలో చేతితో పిసుకుతారు. గింజ చుట్టూ ఉన్న పెక్టిన్ అనే జిగురు నీళ్లలోకి దిగి, ఆ నీళ్లలోని సున్నపు అంశంతో కలిసి, పొయ్యి ఊసే లేకుండా అరగంటలో ముద్దగా పేరుకుంటుంది. 19వ శతాబ్దపు తొలి సగంలో ఛియాయీ కొండల మీదుగా పోతున్న ఒక తైనాన్ వర్తకుడు దాహమై వాగు నీళ్లు తాగబోతే అవి గడ్డకట్టి ఉన్నాయని, పైనున్న తీగ నుంచి గింజలు రాలడం వల్లనే అలా అయిందని గ్రహించి ఇంటికి తెచ్చాడని, వాటితో చేసినదాన్ని అమ్మిన ఆయన కూతురి పేరే ఈ తీపికి పెట్టారని అక్కడివారు చెప్పుకుంటారు. గిన్నెలోకి వచ్చేది లేత పసుపుగా, నిమ్మరసమూ పాకమూ కలిపిన నీళ్లలో తేలుతూ ఉంటుంది. నోట్లో పెట్టుకోగానే లేతముంజె గుర్తుకు రాకపోతే మీరు గోదావరివారు కారు.

ఐయూలో కల్తీ ఎక్కువ. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ పొడితోనో మరొక గడ్డకట్టే పొడితోనో రంగు కలిపి చేసినది చూపుకు ఒకలాగే ఉంటుంది. తేడా ఎలా పట్టుకోవాలంటే, అసలుది అంచులు పదునుగా ఉండవు, లోపల సన్నటి గాలిబుడగలుంటాయి, కాసేపు వదిలేస్తే నీరు వదులుతూ చిక్కిపోతుంది. చతురస్రపు ముక్కలుగా అద్దంలా మెరుస్తూ, సాయంత్రం దాకా అలాగే నిలబడేదాన్ని నేను అనుమానిస్తాను. ఈ కారణం వల్లనే అసలైన ఐయూను ఇంటికి పట్టుకెళ్లి రేపు తిందామనుకోవడం దండుగ.

షియెన్‌త్సావ్ అనే నల్లటి ముద్ద తులసి, పుదీనాల కుటుంబానికి చెందిన ఒక మొక్కను ఎండబెట్టి, గంటల తరబడి కాచి తీసిన కషాయం నుంచి తయారవుతుంది. షిన్చూ జిల్లాలోనే గువాన్‌షీ అనే ఊరు దీనికి ప్రసిద్ధి. చూడగానే వంటింటి మసిలా ఉందని నా భార్య ముట్టుకోలేదు. వాసనలో కాస్త మందుకొట్టు ఛాయ ఉన్నమాట నిజమే, కానీ ఎండలో తిరిగి వచ్చినప్పుడు సబ్జా నీళ్లు చేసే పని ఇదీ చేస్తుంది. చలికాలంలో దీన్నే వేడిగా, జారుగా పోసి ఇస్తారు, చల్లారేకొద్దీ గిన్నెలోనే గట్టిపడుతుంది కనుక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోకూడదు.

నమిలే సరుకులో మనకు బంధుత్వం ఎక్కువ. సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలం పిండితో సగ్గుబియ్యం చేసే మిల్లులను చూసినవారికి "ఫెన్‌యువాన్" కొత్త కాదు, అది పెద్ద గింజగా చేసి, చక్కెరలో నానబెట్టిన సగ్గుబియ్యమే. పూర్వం దానిని చిలగడదుంప పిండితో చేసేవారు, పాత కొట్లలో ఇప్పటికీ అలా చేసేవారున్నారు. ప్రపంచమంతా పాకిన పాలటీలోని నల్లగుండ్లు ఈ కుటుంబానివే. "యూయువాన్" అంటే ఉడికించిన చేమదుంపను చిలగడదుంప పిండితో కలిపి, తాడులా పేని, ముక్కలు కోసి ఉడకబెట్టినవి. మన పాలతాలికలను బొటనవేలంత లావుగా చేసి, పాలు తీసేసి ఊహించుకోండి. బంగారు గనుల మూలంగా పెరిగిన జియూఫెన్ అనే కొండ ఊరు వీటికి ప్రసిద్ధి, కాకపోతే అక్కడ సెలవు రోజుల్లో మెట్ల మీద నిలబడే చోటు దొరకదు. వీటిలో చేమదుంప ముక్కలు పంటికి తగలాలి, అంతా ఒకే నునుపుగా ఉంటే పొడితో చేసినదని అర్థం.

మంచు తురుము మీద ఇవన్నీ కలిపి పోసే పెద్ద గిన్నెను మాత్రం చివరికి ఉంచండి. పిల్లలు ఉత్సాహంతో ముందు అదే తెప్పిస్తారు, అప్పుడు నాలుక మొద్దుబారి ఏ దినుసు రుచీ విడిగా తెలియదు. మంచు తినాలనిపిస్తే తైవాన్ చక్కెర సంస్థ వారి పాత మిల్లుల ఆవరణల్లో అమ్మే ఐసులు తినమంటాను. దక్షిణాన గావ్‌షియుంగ్ నగరం దగ్గర చియావ్‌తోలో 1902లో చెరకు ఆడటం మొదలుపెట్టి 1999లో ఆపేసిన మిల్లు ఒకటుంది, ఆగిపోయిన గానుగలను చూసి, ఆ నీడనే కూర్చుని ఐసు తినవచ్చు. చెరకు బళ్లు మిల్లు గేటు ముందు బారులు తీరడం చూసి పెరిగినవారికి ఆ మధ్యాహ్నం కొంచెం బరువుగానే గడుస్తుంది.

చలికాలంలో వెళితే వేడి గిన్నెలు పుచ్చుకోండి. బొబ్బర్లను పోలిన ఎర్ర చిక్కుడు గింజల పాయసం, పెసల పాయసం, వేరుశనగ పాయసం దొరుకుతాయి, అన్నీ నీళ్లలో ఉడికించి చక్కెర వేసినవే. జిగురు బియ్యపు పిండితో చేసే థాంగ్‌యువాన్ ఉండలను డిసెంబరు 21న గానీ 22న గానీ వచ్చే శీతకాలపు పండుగనాడు ఇంటిల్లిపాదీ తింటారు, తింటే ఒక ఏడు వయసు పెరిగినట్టు లెక్క. మన ఉండ్రాళ్లు విరుగుతాయి, ఇవి సాగుతాయి. లోపల కాలుతున్న నువ్వుల ముద్ద ఉంటుంది కనుక ఒక్కసారిగా మింగవద్దు. పెద్దవారికి, కట్టుడు పళ్లవారికి ఇవి గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, వారికి దోహ్వాయే క్షేమం. బూడిదగుమ్మడికాయను చక్కెరలో గంటలకొద్దీ ఉడికించి తీసే పానీయం ఏడాది పొడుగునా దొరుకుతుంది. వడియాలకూ దిష్టికీ తప్ప ఆ కాయకు మరో గతి లేదనుకునేవారు ఒక గ్లాసు తాగి చూడాలి.

గిన్నె తీపి కొట్టుకూ, పొడి మిఠాయి కొట్టుకూ శాకాహారులు తేడా పాటించాలి. ఇది అన్నిటికంటె జాగ్రత్తగా చదవవలసిన పేరా. గిన్నెలో వచ్చేవి చాలావరకు మనకు తినదగినవే, కానీ పాత పద్ధతి బిళ్లలు, పొరల రొట్టెలు పంది కొవ్వుతో చేయడం అక్కడి ఆనవాయితీ, నెయ్యి చేసే పని అక్కడ అది చేస్తుంది. షిన్చూలో బహుమతిగా ఇచ్చే "జూచియెన్ బింగ్" తీపిగా ఉన్నా, దానిలో పంది కొవ్వూ వేయించిన ఉల్లీ ఉంటాయి. "వో చి సూ" అంటే నేను శాకాహారిని అని అర్థం. "జూ యో" అంటే పంది నూనె, ఆ మాట పలికి, చేయి అడ్డంగా ఊపి అడిగితే ఔనో కాదో చెబుతారు. పెట్టెల్లో వచ్చే శాకాహార సరుకు మీద అక్కడి చట్టం ప్రకారం గుడ్డు ఉన్నదా, పాలు ఉన్నాయా, రెండూ లేవా అన్నది విడివిడిగా రాస్తారు, రెండూ లేనిదాన్ని "చువాన్ సూ" అంటారు. లూగాంగ్ అనే ఊరిలో 1877 నుంచి ఉన్న యూ జెన్ జాయ్, రాజధాని తైపేలో 1867 నుంచి ఉన్న గువో యువాన్ యీ వంటి పేరుపడ్డ కొట్లలో ఏ పెట్టెలో ఏముందో అడిగితే చెబుతారు. లూగాంగ్ పెసర బిళ్ల నోట్లో వేసుకుంటే మన పెసర సున్నుండ నెయ్యి మానేసి టీతో స్నేహం చేసినట్టు ఉంటుంది, టీ లేకుండా తింటే గొంతు పట్టేస్తుంది.

పట్టుకెళ్లడానికి కట్టించుకుంటే తైపే మెట్రోలో మాత్రం మూత తీయవద్దు. గేటు దగ్గరి పసుపు గీత దాటాక తినడమూ తాగడమూ, మంచినీళ్లతో సహా, నిషేధం, జరిమానా 1,500 నుంచి 7,500 తైవాన్ డాలర్ల వరకు ఉంటుంది. వీధుల్లో చెత్తబుట్టలు అరుదు, ఖాళీ గిన్నెకు ఒక సంచి దగ్గర పెట్టుకోండి.

మరునాటికి నిలవదన్నాను కనుక, ఐయూ మీద మనసు పడినవారు గింజలు కొని పిల్లల ఇంట్లోనే చేసుకోవచ్చు, సంతల్లో తూకానికి దొరుకుతాయి. లీటరు నీళ్లకు 20 గ్రాముల గింజలు గుడ్డలో కట్టి, నూనె జిడ్డు ఏమాత్రం లేని గిన్నెలో, నీళ్లు జిగురుగా పసుపుగా మారేవరకు పదినిమిషాల పాటు పిసకాలి. చక్కెర అప్పుడు వేయకూడదు, పేరుకున్నాక పాకంగా పోసుకోవాలి. మా అబ్బాయి ఇంట్లో నేను చేసిన మొదటి గిన్నె రాత్రంతా ఉంచినా నీళ్లుగానే ఉండిపోయింది. వాడినవి వంటింటి ఆర్వో యంత్రం నీళ్లు, వాటిలో గడ్డకట్టించే సున్నపు అంశమే మిగలదు. మన ఊళ్లో ఇంటింటికీ వచ్చే ఇరవై లీటర్ల టిన్ను నీళ్లతో చేసినా ఇదే జరుగుతుంది. మరునాడు కోడలు కొట్టు నుంచి ఊట నీళ్ల సీసా తెచ్చింది, అందులో పిసికితే కాఫీ తాగి వచ్చేలోపు పేరుకుంది.